మా అప్ప కుళ్ళు

నా చిన్నప్పుడు మా లైనులో ఒక ఆడపిల్ల ఉద్యోగానికి బయల్దేరిందంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది. పోర్టు పనివాళ్ళ క్వార్టర్లు అవి. రెండేసి గదులు, వెనక చిన్న పెరడు, పెరటికీ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. ఉతికిన బట్టలు కాసేపు తీగ మీద మరిచిపోతే చాలు, రేవులోంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం ధూళి పట్టి తెల్లవి కాస్తా ఎర్రబడేవి. మా నాన్న రేవులో క్రేను నడిపేవారు. పక్కింటాయన రేవులోనే రైలు యార్డులో పని చేసేవారు. మాది పెందుర్తి అవతల పల్లె నుంచి వచ్చిన వ్యవసాయం కుటుంబం. వాళ్ళు జ్ఞానాపురం నుంచి వచ్చిన క్రైస్తవులు. కులాలూ మతాలూ ఎలా ఉన్నా మా నాన్న, ఆయనా ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు. పెరటి గోడ మీద నుంచి మా కూర వాళ్ళింటికీ, వాళ్ళ చేపల పులుసు మా ఇంటికీ నడుస్తూ ఉండేవి.

మా వైపు తోడబుట్టిన అక్కని అప్ప అంటాం. మా అప్పకీ, పక్కింటి అక్కకీ ఒకటే ఈడు. ఇద్దరూ ఒక్క బడిలో చదివారు, ఒక్కసారే మెట్రిక్ పాసయ్యారు, ఒక్కరోజే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. నేను వాళ్ళకంటే చాలా చిన్నదాన్ని. పక్కింటి అక్కకి నా ఈడు చెల్లెలు ఉండేది, మేమిద్దరం ఒక్క తరగతి. ఆ ఇంట్లో ఇద్దరు, మా ఇంట్లో ఇద్దరు. అమ్మలక్కలు మమ్మల్ని జతలు జతలుగా చూసేవారు. అందుకేనేమో, ఒక జతలో ఒకరు ముందుకి వెళ్తే రెండోవాళ్ళకి అంతగా మండేది.

టైపులో మా అప్పని మించినవాళ్ళు లేరని ఇన్‌స్టిట్యూట్ మాస్టారే అనేవారు. ఆమె కొడుతుంటే రేకుల కప్పు మీద వాన పడ్డట్టుండేది. పక్కింటి అక్క నెమ్మది. వెనకబడేది కాదు కానీ, పరిగెత్తేది కాదు. మా ఇంట్లో అందరికీ ఒకటే నమ్మకం. ఈ లైనులో మొదట ఉద్యోగానికి వెళ్ళే ఆడపిల్ల మా అప్పే. అమ్మ అయితే అప్ప మొదటి రోజు కట్టుకోవడానికి ఒక నీలం నేత చీర తీసి పెట్టెలో అడుగున దాచింది. నాకు అమ్మ కంటే ఆశ ఎక్కువ. ఉద్యోగస్తురాలి చెల్లెల్ని అవుతాను. బళ్ళో నా పక్కన కూర్చోడానికి పిల్లలు పోటీ పడతారు. రాత్రీ పగలూ నాకు ఇదే లెక్క.

ఒకరోజు రేవు గేటుకి దగ్గర్లో ఉన్న ఒక షిప్పింగు కంపెనీ ఆఫీసులో టైపిస్టు కావాలని తెలిసింది. ఒక్కటే పోస్టు. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే గదిలో పరీక్ష రాసి వచ్చారు. వారం తిరక్కుండా కబురొచ్చింది. ఉద్యోగం పక్కింటి అక్కకి. మా అప్పది రెండో పేరు. మొదటి పిల్ల కొన్ని నెలలు పని చేశాక ఆఫీసువాళ్ళకి నచ్చకపోతే రెండో పిల్లని పిలుస్తారట.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఒక్క మాట అంది.

“ఆలకి సర్చి ఫాదరుగారున్నారు సెప్పడానికి. మనకెవులున్నారు?”

ఆ మాట నిజమో కాదో ఎవరికీ తెలియదు. కానీ ఆ రాత్రికి అది మా ఇంట్లో నిజమైపోయింది. మర్నాటికి కుళాయి దగ్గరా నిజమైపోయింది. గోడ మీద నుంచి గిన్నెలు నడవడం ఆగిపోయింది. పక్కింటి అత్త ఇచ్చిన పులుసు గిన్నె అమ్మ కడిగి, ఖాళీగా తిరిగి ఇచ్చింది. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. మా నాన్న పక్కింటాయన్ని ‘బావా’ అనడం మానేసి ‘ఏమండీ’ అనడం మొదలుపెట్టారు. ఆయన మొదటిసారి ఆ పిలుపు విని చుట్టూ చూశారు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు.

ఇక నా సంగతి. పక్కింటి అక్క పొద్దున్నే ముదురాకుపచ్చ చీర కట్టుకుని, భుజానికి బ్యాగు తగిలించుకుని గుమ్మం దిగేది. లైనులో ఆడవాళ్ళంతా చూసేవారు. వాళ్ళ చెల్లెలు బళ్ళోకి ఆఫీసులో వాడేసిన కార్బన్ కాగితాలు తెచ్చేది. నీలంగా, మెత్తగా, ముట్టుకుంటే వేళ్ళకి రంగు అంటుకునే ఆ కాగితాలు అప్పట్లో మాకు పెద్ద వింత. వాటి కింద తెల్ల కాగితం పెట్టి బొమ్మ గీస్తే రెండు బొమ్మలయ్యేవి. తరగతి తరగతంతా దాని చుట్టూ మూగేది. ఒకరోజు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి ఒక కార్బన్ కాగితం ఇవ్వబోయింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నాకు అది ఎంత కావాలో నాకే తెలుసు. అది మా అప్ప తేవలసిన కాగితం. మా అప్ప చేతుల్లోంచి నా చేతుల్లోకి రావలసింది, ఇంకొకరి సంచిలోంచి వస్తుంటే ఎలా పుచ్చుకోను?

మా అప్ప మాత్రం పైకి మామూలుగానే ఉండేది. ఇంటి పని చేసుకునేది, సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి అభ్యాసం మానకుండా చేసుకునేది. ఒక్క తేడా ఉంది. పక్కింటి అక్క ఆఫీసుకి బయల్దేరే వేళకి మా అప్పకి పెరట్లో ఏదో ఒక పని ఉండేది. ఎప్పుడూ ఉండేది. ముందు గది వైపు వచ్చేది కాదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం పక్కింటి అక్క పెరటి గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది. మా అప్ప బట్టలు తీస్తోంది. నేను పక్కనే ఉన్నాను.

“ఒలే, ఓపాలి ఇలగ రాగలవా? ఆఫీసుల మెషీను నాకు లొంగట్లేదు. నా ఉత్తరాల్లో ఇంగిలీసు ‘ఎ’ అచ్చరం అన్నిట్లో లేతగా పడిపోతంది. పెద్ద దొర రోజూ ఉత్తరం ఎలుగులో పెట్టి సూత్తన్నాడు. ఇలాగైతే రెండో పిల్లని పిలుత్తానన్నాడు.”

రెండో పిల్ల ఎదురుగా బట్టలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట అన్నాక పక్కింటి అక్కకీ తట్టినట్టుంది. తల వంచేసుకుంది. మా అప్ప బట్టలన్నీ చేతి మీద వేసుకుని, “నాకు తలనొప్పిగుందే” అని లోపలికి వచ్చేసింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

లోపల అమ్మ అంతా వింది. ముఖంలో వెలుగొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు మా ఇంట్లో పప్పులోకి ఇంగువ పోపు పడింది. అమ్మ అప్పకి ఇంకో ముద్ద కలిపి పెడుతూ, “దేముడు ఉన్నాడే” అంది. నేను మనసులో ఆ నీలం చీర మడత విప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు నేను తిన్నంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడు తిన్నానో గుర్తులేదు.

నాన్నకి పగటి షిఫ్టు ఉన్నప్పుడు అన్నం కేరేజీ రేవు గేటు దగ్గరికి మేమే పట్టుకెళ్ళేవాళ్ళం. ఆ తర్వాత మా బడికి సెలవిచ్చిన రోజున అప్పా నేనూ వెళ్ళాం. కేరేజీ ఇచ్చి తిరిగి వస్తుంటే ఆ షిప్పింగు ఆఫీసు గోడ నీడన పక్కింటి అక్క కనిపించింది. మిగతావాళ్ళంతా లోపల భోజనాలు చేస్తున్నారు కాబోలు, ఈమె ఒక్కతే ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. అన్నం డబ్బా మూత తియ్యకుండా పక్కన పెట్టుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఆడిస్తోంది. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఆమె చీర కుచ్చెళ్ళ మీద టైపు కొడుతోంది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, లేని మెషీను మీద లేని అక్షరాలు నొక్కుతోంది.

నాకు నవ్వొచ్చింది. పచ్చి నవ్వే. మా అప్ప ముఖం చూద్దును కదా, నవ్వు లేదు. జాలి కూడా లేదు. ఆమె పక్కింటి అక్క ముఖం కేసి చూడటమే లేదు, వేళ్ళ కేసి చూస్తోంది. బాగా వండేవాళ్ళు ఇంకొకరి పొయ్యి మీద మాడుతున్న కూర చూసినట్టు చూస్తోంది.

“ఆ సిటికెనేలు సూడే,” అంది నాతో. “ఎలగ పెడతందో సూడు. సచ్చిన పీతకాలులాగ. అలగ పెడితే ఏ మెషీనైనా ‘ఎ’ కొడతాదా?”

కాసేపు ఓర్చుకుంది. ఒక అడుగు ఇంటి వైపు కూడా వేసింది. తర్వాత గిర్రున తిరిగి రోడ్డు దాటి, తిన్నగా వెళ్ళి పక్కింటి అక్క ఎదురుగా చతికిలపడి, ఆమె ఎడమచేయి తన చేతిలోకి తీసుకుంది. పక్కింటి అక్క కళ్ళు తెరిచి బిత్తరపోయింది. మా అప్ప పలకరించలేదు, తలనొప్పి తగ్గిందనీ అనలేదు. ఆ చిటికెన వేలిని వంచి, నిలబెట్టి, తన మోకాలి మీద ఠప్పున కొట్టించింది.

“ఇలగ. పై నుంచి పడాల. నిమరకూడదు. ఇన్‌స్టిట్యూట్ మెషీన్లు అరిగిపోయినవి, నిమిరినా పడతాయి. మీ ఆఫీసుది కొత్తదీ బరువుదీ కాదేటి? దానికి సిటికెనేలు సాలదు, సెయ్యి బరువు రావాల.”

నేను ఎండలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఆ క్షణంలో మా అప్ప మీద నాకు వచ్చినంత కోపం పక్కింటివాళ్ళ మీద కూడా ఎప్పుడూ రాలేదు.

అది అక్కడితో ఆగలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో అప్పకి ఉన్న వేళలోనే, అప్ప మెషీను మీదే పక్కింటి అక్క కూర్చునేది. అప్ప పక్కన నిలబడి ఓడల పేర్లూ, సరుకుల పేర్లూ ఉన్న ఉత్తరాలు తనే కల్పించి చదివేది. ఆడపిల్లలు చీకటి పడేవేళ ఇంటికి రావాలి కాబట్టి తోడుకి నన్ను పంపేవారు. నేను బెంచీ మీద కూర్చుని, ప్రతి కాగితం మీదా ‘ఎ’లు లేతగానే పడాలని లోలోపల కోరుకునేదాన్ని. చాలా రోజులు నా కోరికే నెగ్గింది.

అప్పుడు మా అప్ప ఒక ఉపాయం చేసింది. మెడకి తాడు కట్టిన చెంబు ఒకటి తీసుకుని, తాడు కొసని పక్కింటి అక్క ఎడమచేతి చిటికెన వేలికి తగిలించింది. వేలితో ఎత్తాలి, దించాలి. ముందు ఖాళీ చెంబు. తర్వాత గుక్కెడు నీళ్ళు. ఆ తర్వాత సగం చెంబు. సెలవు రోజున ఇద్దరూ పెరటి గోడకి చెరోవైపు నిలబడి ఇదే పని. లైనులో పిల్లలందరికీ అది ఆటైపోయింది. ఎవరింట్లో చూసినా చిటికెన వేళ్ళకి చెంబులే. ఒక్క నేను ఆడలేదు.

ఒకరోజు అలా చెంబులెత్తుతున్నప్పుడు పక్కింటి అక్క, ఎత్తిన వేలు దించకుండానే అంది.

“నువ్వు కొడతంటే పక్క మెషీను మీద నాను ఎన్నిసార్లు కుళ్ళుకున్నానో నీకు తెల్దే. ఈ పిల్లకి జొరమొస్తే బాగుణ్ణు, రేపు రాకపోతే బాగుణ్ణు అనుకునేదాన్ని. ఆదోరం గుడిలో కూకుని కూడా అదే అనుకునేదాన్ని.”

మా అప్ప పకపకా నవ్వింది. “మరి నాకు జొరం రానేదే,” అంది. “నీ ప్రార్తనలో బలం నేదు, నీ యేల్లోనూ బలం నేదు.” ఇద్దరూ గోడ పట్టుకుని నవ్వారు. చెంబులో నీళ్ళన్నీ ఒలికిపోయాయి.

ఆ నవ్వుకి అమ్మ బయటికి వచ్చింది. అప్పటిదాకా ఆ చెంబులు పిల్లల ఆటే అనుకుంది అమ్మ. అప్ప ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతున్న సంగతి ఆమెకి తెలియదు. చెంబు చూసింది, వేలు చూసింది, అంతా అర్థమైపోయింది. పక్కింటి అక్క ముందు ఏమీ అనలేదు. అప్ప లోపలికి వచ్చాక అంది.

“ఒలే, నీకు మతుందా? నోటికాడికొచ్చిన కూడు తీసి ఆ పక్కింటి గుంట నోట్లో పెడతావేటి? ఆల అమ్మ నీకు పెట్టిందా? ఆల అయ్య పెట్టాడా?”

అప్ప గోడకి ఆనుకుని నిలబడింది. అమ్మ ఇంకా అంది. ఈ ఇంట్లో ఉన్నది ఒక్క జీతం అంది. వెనక ఇంకో ఆడపిల్ల ఉంది అని నన్ను చూపించింది. అంటూ అంటూ పెట్టె తెరిచి ఆ నీలం చీర తీసి మంచం మీద పడేసింది. “ఎవులు కట్టుకుంటారీ సీర?” అని అడిగి ఏడ్చేసింది. అప్పటికి నాన్న షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. అంతా విన్నారు. అమ్మ ఆయన కేసి తిరిగి, “నువ్వైనా సెప్పు దానికి” అంది. నాన్న రెండో చెప్పు కూడా విడిచి గోడ వారగా పెట్టారు. ఆయన కడుపులోనూ మంట ఉందని నాకు తెలుసు. ‘ఏమండీ’ అనే పిలుపు ఇంకా నడుస్తూనే ఉంది. చివరికి, “నేర్పనీ” అన్నారు. అంతే. కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయారు. ఎందుకలా అన్నారో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఆ మర్నాడు సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నుంచి వస్తున్నాం. పక్కింటి అక్క ఏదో కొనడానికి దారిలో బజారు వైపు వెళ్ళింది. అప్పా, నేనూ ఇద్దరమే. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“అప్పా, ఆ అక్కని తీసేస్తే ఉద్యోగం నీకే వస్తాది కదా?”

“ఔను. నాకే వస్తాది.”

“మరెందుకు నేర్పుతన్నావు? నీకు కుళ్ళు నేదా?”

అప్ప నా చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకి లాగింది, లారీ వస్తోందని. లారీ వెళ్ళిపోయాక, ఆ ఎర్ర దుమ్ము అణిగేదాకా నిలబడి, అప్పుడు చెప్పింది. చిన్నపిల్లతో మాట్లాడుతున్నట్టు చెప్పలేదు. తన ఈడు మనిషితో చెప్పుకున్నట్టు చెప్పింది. అందుకే నేను ఒక్క మాట కూడా మర్చిపోలేదు.

“కుళ్ళు నేదని ఎవులన్నారే? పొద్దున్న అది గుమ్మం దిగితే నాకు కడుపులో పొయ్యి రాజేసినట్టుంటాది. అందుకే పెరట్లోకి పోతన్నాను. దానికి సిఫార్సు నేదు, ఏటీ నేదు. పరీచ్చలో నాను జోరు మీద కొట్టుకెల్లిపోయి ఒక లైను వదిలేసినాను. అది మెల్లగా కొట్టినా ఏటీ వదల్నేదు. ఆలు దాన్నే తీసుకున్నారు. ఇంటికొచ్చి ఆ మాట సెప్పడానికి నాకు నోరు రానేదు. అమ్మ ఫాదరుగారంటే ఊరుకున్నాను.”

కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది.

“దాని సిటికెనేలు పడిపోయి ఆ కుర్సీ నాకొచ్చిందనుకో. రోజూ అందులో కూకున్నపుడల్లా ఏటనుకోవాల? నాకు రావాలంటే నా యేల్లతో రావాల. దాని యేలు తడబడితే వచ్చింది నాకొద్దు. ఈ కుళ్ళు పోదే. నానూ సూసినాను, పోదు. ఉండనీ. అది కడుపులో ఉంటాది, నాను సేతుల్తో పని సేసుకుంటాను. దాని సోటు దానిది, నా పని నాది.”

నేను ఆ మాట ఒప్పుకోలేదు. నాకు మా అప్ప పిచ్చిదనిపించింది. ఇంటికి వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకోకుండా వెనక వెనకే నడిచాను.

వానలు మొదలయ్యే రోజుల్లో పక్కింటి అక్క ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళకుండా ముందు మా ఇంటికే వచ్చింది. చేతిలో ఒక కాగితం. ఆ రోజు తను కొట్టిన ఉత్తరం తాలూకు నకలు. మా అప్ప దాన్ని గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో పట్టుకుని పై నుంచి కింద దాకా చూసింది. ‘ఎ’లన్నీ మిగతా అక్షరాలతో సమానంగా, ముదురుగా, నిటారుగా ఉన్నాయి. అప్ప ఏదో తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టే అనిపించింది నాకు. వెతికే ఉంటుంది. దొరకలేదు. “బాగుంది” అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

వెనకే పక్కింటి అత్త పళ్ళెంలో బూందీ లడ్డూలు తెచ్చింది. అమ్మ పళ్ళెం అందుకుంది కానీ నోట పెట్టలేదు. అప్ప ఒకటి తింది. తిని, ఇంకొకటి తీసుకుని అదీ తింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, పొద్దున్నే తోమేసిన గిన్నెలన్నీ మళ్ళీ ముందేసుకుని బూడిదతో తోమడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. వీపు ఇటువైపు ఉంది. భుజాలు కదులుతున్నది తోముతున్నందుకో, ఇంకెందుకో నాకు తెలియలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె ఒక గిన్నె నా ముందుకి తోసింది. ఇద్దరం శుభ్రంగా ఉన్న గిన్నెలు మళ్ళీ శుభ్రం చేశాం.

ఆ రాత్రి కాదు, ఆ వారమూ కాదు, కానీ ఎప్పుడో ఒకరోజు అమ్మ వంకాయ కూర గిన్నె గోడ మీద పెట్టింది. ‘బావా’ రావడానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టింది. వచ్చింది మాత్రం వచ్చింది.

మా అప్పకి ఆఫీసు ఉద్యోగం రాలేదు. ఆమె మంచి చేసింది కాబట్టి మంచే జరిగిందని రాయాలని నాకూ ఉంటుంది. అలా జరగలేదు. ఇంకా చాలా పరీక్షలకి వెళ్ళింది. ఒకచోట పోస్టు రద్దయింది, ఒకచోట పెళ్ళయ్యాక మానేస్తావా అని అడిగి పంపేశారు. ఆమె పక్కింటి అక్కకి నేర్పడం చూసిన ఇన్‌స్టిట్యూట్ మాస్టారు మధ్యాహ్నం ఆడపిల్లల బ్యాచి చూసుకోమని అడిగారు. జీతం పేరుకే. అయినా వెళ్ళింది. కంప్యూటర్లు వచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్ మూసేసేదాకా అక్కడే ఉంది. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు రేవులో, బ్యాంకుల్లో, కోర్టుల్లో ఎక్కడెక్కడో చేరారు. ఉద్యోగం వచ్చిన ప్రతి పిల్లా మిఠాయి పట్టుకుని వచ్చేది. ఈ మధ్య తగరపువలసలో అప్ప వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అడిగాను, ఆ పిల్లలందర్నీ చూస్తే గర్వంగా ఉండేదా అని.

“గర్వమూ ఉండేది, కుళ్ళూ ఉండేది,” అంది అప్ప, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. “మిఠాయి తెచ్చిన పెతీ గుంట మీదా కుళ్ళుకున్నాను. ఒక్కదానికీ తప్పు నేర్పనేదు.”

పక్కింటి అక్క ఆ ఆఫీసులోనే రిటైరయ్యింది. ఇప్పటికీ ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు, ఎక్కువగా మోకాళ్ళ నొప్పుల గురించి.

నాకు ఉద్యోగం వచ్చింది. గాజువాక అవతల స్టీలు ప్లాంటు లేచాక అక్కడి స్టోర్సు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా ఇంట్లో మొదటి ఉద్యోగస్తురాలిని నేనే అయ్యాను. చేరిన రోజు అమ్మ, నాన్న, పక్కింటివాళ్ళు అంతా సంతోషించారు. అప్ప నా చీర కుచ్చెళ్ళు సర్ది, పిన్ను పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. పెరట్లోకి వెళ్ళలేదు. ఆమె ముఖం కేసి చూడటానికి నాకే ధైర్యం చాలలేదు.

ఆ ఉద్యోగంలో చాలా ఏళ్ళకి, నాకంటే వెనక చేరిన ఒకావిడకి నాకు రావలసిన సీటు ఇచ్చారు. ఆవిడకి ఆ పని తెలియదు, నేర్పమని నాకే చెప్పారు. నాలుగు రోజులు తలనొప్పి అని చెప్పాను. అయిదో రోజు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. మనసు ఏమీ మారలేదు. ఆవిడ సంతకం పెట్టే పెన్ను చూసినా నాకు మండేది. నేర్పినదాంట్లో మాత్రం ఏదీ దాచుకోలేదు.

మొన్న మా మనవరాలి స్నేహితురాలికి అచ్యుతాపురం వైపు మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ కలిసే ఇంటర్వ్యూకి వెళ్ళారు. మా పిల్లకి రాలేదు. ఆ పిల్ల ఫోను చేసి, చేరినవాళ్ళకి అక్కడ పెట్టే మొదటి పరీక్షలకి మా పిల్లని సాయం చెయ్యమని అడిగింది. ఫోను పెట్టేశాక మనవరాలు నా మంచం మీద అడ్డంగా పడుకుంది.

“అమ్మమ్మా, నాకు దాన్ని చూస్తే కుళ్ళుగా ఉంది. నేను చెడ్డదాన్నా?”

చెడ్డదానివి కాదని చెప్పాను. మా అప్ప కథ అంతా చెప్పాను. సాయం చెయ్యమని మాత్రం చెప్పలేదు. ఎవరూ చెప్తే చేసే పని కాదు అది. పిల్ల లేచి, ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది. ఎవరికి ఫోను చేసిందో నేను చెవి పెట్టలేదు.

నాకు ఈ వయసులో కూడా కుళ్ళు వస్తుంది. నా ఈడువాళ్ళు మెట్లు చకచకా ఎక్కుతుంటే వస్తుంది, ఎవరి పిల్లలకో పేరొస్తే వస్తుంది. రావద్దని ఎప్పుడూ అనను. వచ్చి కూర్చుంటే కూర్చోమంటాను. నా చేతిలో ఉన్న పని మాత్రం దానికి అప్పగించను.